కుందేలుకి నీళ్లెందుకు

పెంపుడు జంతువులమ్మే ఆ షాపు షట్టరు సగం లేవగానే కింద నుంచి వంగి లోపలికి దూరడం ఒంటెక్కకి అలవాటు. ఆ చప్పుడుకి గాజుపెట్టెలో కుందేళ్లు బెదిరి గాజుకి గుద్దుకుంటాయి. ఎదురుగా తెలిసిన మనిషి నిలబడితే కాస్త నెమ్మదిస్తాయి. లైట్లు వేసి, చేతులు మోచేతుల దాకా మడిచి, వాటిని ఒక్కొక్కదాన్నే పాత తువ్వాలులో చుట్టి బుట్టలోకి మారుస్తుంది. చెవులు పట్టి ఎత్తితే ఊరుకోదు. ఒకసారి అలా ఎత్తబోయిన, చేపల తొట్లు చూసుకునే చేపలాయనని, "మీ చెవులు పట్టుకుని ఎవరైనా లేపితే తెలుస్తుంది" అని అందరి ముందూ కడిగేసింది. తర్వాత పాత రంపప్పొట్టు తోడేసి, కొత్తది పరిచి, మూలమూలలా అరచేత్తో అదిమి, పైన గడ్డీ క్యాబేజీ రెబ్బలూ సర్దుతుంది. పొట్టు పొడిగా ఉంటే షాపులో వాసన ఉండదు. పొడిగా ఉంచడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అని యజమాని నలుగురిలో చెబుతుంటాడు.

ఆవిడకి అసలు పేరొకటి ఉంది కానీ షాపులో దానితో ఎవరికీ పని పడలేదు. చేపలాయన పెట్టిందే స్థిరపడిపోయింది. షట్టరు లేచింది మొదలు దిగేదాకా ఆవిడ నీళ్ల సీసా మూత తీయగా చూసినవాళ్లు లేరు. "ఒంటె అయినా దారిలో ఒకచోట ఆగుతుంది, నువ్వు ఒంటెకే అక్కవి" అన్నాడాయన. ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవాళ్లు. ఆవిడ దాన్ని పతకంలా మెళ్లో వేసుకు తిరిగింది.

సంగతేమిటంటే, షాపు వెనక ఒక బాత్రూం ఉంది. సగం బాత్రూం, సగం గోదాం. మేత బస్తాలు పోతాయని దానికి తాళం. తాళంచెవి యజమాని కూర్చునే కౌంటరు సొరుగులో. కావలసినవాళ్లు వెళ్లి అడగాలి. ఆయన ఇవ్వనని ఏనాడూ అనలేదు. మెత్తగా నవ్వి, "మళ్లీనా అమ్మా?" అంటాడు. అదీ కౌంటరు దగ్గర కొనేవాళ్లు నిలబడి వింటున్నప్పుడు. చేపలాయనకి ఆ బెడద లేదు, వెనక సందులో గోడ ఉంది. ఆడవాళ్లకి గోడ లేదు కాబట్టి దాహం లేకుండా చేసుకోవడం నేర్చుకున్నారు.

ఆ పొద్దున్న మొదట వచ్చినవాడు టైలరు. రెండు వీధుల అవతల ఆయనది చిన్న కుట్టుషాపు. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేశాడు. గాజుపెట్టె ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, బూడిదరంగుదాన్ని వేలితో చూపించాడు.

"మా ఇంట్లో ఇద్దరమే అమ్మా, నేనూ మిషనూ. అది మాట్లాడుతుంది కానీ రోజంతా ఒకటే మాట. ఇంకొకరుంటే బాగుండుననిపించింది."

"దీనికి మాటలు రావండీ."

"రాకపోతేనే నయం. నాకు వినేవాళ్లు కావాలి."

ఒంటెక్కకి నవ్వొచ్చింది. ఆయనకి మాత్రం ప్రతిదానికీ కొలత కావాలి. పడుకోవడానికి ఎంత చోటు, గోళ్లు ఎంత పెరిగితే కత్తిరించాలి, పూటకి ఎంత మేత, అన్నీ అడిగి చివరికి, "మరి రోజుకి నీళ్లెన్ని పెట్టాలి?" అన్నాడు.

"కుందేలుకి నీళ్లెందుకండీ? నీళ్లు తాగితే పొట్ట ఉబ్బి చస్తాయి. ఆకుల్లో ఉన్న తడే వాటికి చాలు. గిన్నె కడిగే పని లేదు, పొట్టు తడవదు, వాసన రాదు."

"అసలొద్దా?" ఆయన నమ్మలేనట్టు చూశాడు. "ఊపిరున్నదేదైనా నీళ్లు తాగకుండా..."

"నన్ను చూడండి. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా చుక్క ముట్టను. బానే ఉన్నాగా?"

అబద్ధం చెబుతున్నానని ఆవిడ అనుకోలేదు. చేరిన కొత్తలో యజమాని చెప్పాడు. ఆయనకి అంతకుముందు షాపు నడిపిన మామగారు చెప్పాడట. పైగా కళ్లారా చూస్తున్నదే. గాజు వెనక ఏ కుందేలూ ఎక్కువ రోజులుండదు. తడి గడ్డి తిని గంతులేస్తుండగానే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. ఆ తర్వాత దాని సంగతి ఎవరికి తెలుసు?

"ఆవిడ మాట మీద షాపు నడుస్తుందండీ, నమ్మండి" అన్నాడు యజమాని కౌంటరు దగ్గర నుంచే. "రోజూ ఆకులెక్కడ తెచ్చుకుంటారు? ఈ గుళికల మేత తీసుకెళ్లండి. పొడిగా ఉంటుంది, పాడవదు."

టైలరు మేత సంచి ఒక చేత్తో, కుందేలున్న అట్టపెట్టె ఇంకో చేత్తో పట్టుకుని, పెట్టె కుదపకుండా పెళ్లివారింటి పిల్లాడిలా జాగ్రత్తగా మెట్లు దిగాడు.

ఆయన అటు వెళ్లగానే కొత్తమ్మాయి కౌంటరు దగ్గరికి నడిచింది. పక్షుల బోనులు చూసుకునే పిల్ల. చేరి నెల కూడా కాలేదు. చిలకలకి మేత వేసినప్పుడల్లా వాటితో కబుర్లు చెబుతుంది, తాళంచెవి అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం గొంతు పెగలదు.

"మళ్లీనా అమ్మా?" అన్నాడు యజమాని. చిలకల ఉయ్యాల కొంటున్న మనిషి తలెత్తి చూశాడు. "ఒంటెక్కని చూసి నేర్చుకో. ఇన్నేళ్లలో ఒక్కసారి తాళంచెవి అడిగిందా? పని మీద ధ్యాస ఉంటే ఇవన్నీ గుర్తురావు." అంటూనే సొరుగు లాగి తాళంచెవి తీసి, ఆ పిల్ల అందుకునేదాకా రెండు వేళ్లతో వేలాడేసి పట్టుకున్నాడు.

ఒంటెక్కకి ఆ క్షణాన గర్వంగానే అనిపించింది. అది దాచుకోవాల్సిన సంగతని కూడా ఆవిడకి తోచలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని పైకి వెళ్లే మెట్ల కింద, ఆ రోజు వాడకానికి బయట పెట్టిన మేత బస్తా పక్కన కూర్చున్నప్పుడు కొత్తమ్మాయి మొహం వేలాడేసుకుంది. ఒంటెక్క తనకి తెలిసిన విద్యంతా చెప్పింది.

"చూడు, పొద్దున్నే టీ మానెయ్. ఇంటి దగ్గర బయల్దేరే ముందు ఒకటి రెండు గుక్కలు, అంతే. తడి కూరలు తెచ్చుకోకు. గొంతు మరీ ఎండితే లవంగం బుగ్గన పెట్టుకో, లాలాజలం ఊరుతుంది. మొదట్లో తల నొప్పెడుతుంది, తర్వాత ఒళ్లే మాట వింటుంది."

"మంటగా ఉంటోందక్కా," అంది ఆ పిల్ల, తల వంచుకుని, అన్నం మెతుకుని వేలితో అటూ ఇటూ తోస్తూ.

"ఎవరికుండదే? రెండ్రోజులకి పోతుంది."

తనకి పోయిందా లేదా అన్నది చెప్పలేదు.

*

పోలేదు. సాయంత్రం బస్సు దిగినప్పటి నుంచి ఒంటెక్క నడక వేరే. ఆ వీధిలోవాళ్లు పలకరించరు, పలకరించినా ఆగదని తెలుసు. ఇంటి తలుపు తీసే ఉంటుంది. భర్త కుర్చీని దారికి అడ్డం లేకుండా గోడకి జరిపి, "రైలొచ్చింది, గేటు తీయండి!" అని కేకేస్తాడు. ఆడపడుచు పకపకా నవ్వుతుంది. చెప్పులైనా విప్పకుండా, చేతిసంచి గాల్లోకి విసిరేసి, ఒంటెక్క బాత్రూంలోకి పరిగెడుతుంది. ఇంటిల్లిపాదికీ అదొక వేడుక.

లోపల తలుపు గడియ పెట్టుకున్నాక నవ్వు ఉండేది కాదు. గోడకి నుదురు ఆనించి, పళ్లు బిగపట్టి నిలబడేది. రంగు చూసి గబగబా నీళ్లు పోసేసేది, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. ఆ రోజు మంట మరీ ఎక్కువగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికి వచ్చేసరికి మొహం కడుక్కుని, మామూలుగా ఉంది.

"ఏంటి ఇంతసేపు?" అన్నాడు భర్త.

"రైలు పెద్దది," అంది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి చెంబులు చెంబులు తాగింది. అలా తాగుతున్నప్పుడు భర్త అన్నాడు, "షాపులో తాగొచ్చుగా ఆ నీళ్లేవో." మంచి మనిషే. కానీ వ్యాను నడిపేవాడికి రోడ్డు పక్కనంతా చెట్లే. ఆయనకి ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు.

*

మూణ్ణాలుగు రోజులు గడిచాక టైలరు మళ్లీ వచ్చాడు. షాపు కిటకిటలాడుతోంది. ఆయన చేతిలో గుడ్డసంచి. మెడలో టేపు లేదు. తిన్నగా ఒంటెక్క దగ్గరికొచ్చి సంచి మూతి విప్పాడు. లోపల బూడిదరంగు కుందేలు చెవులు వెనక్కి వాల్చి, ముద్దలా ఒదిగి కూర్చుంది. బెదరలేదు, కదల్లేదు. బెదరని కుందేలుని ఒంటెక్క ఏనాడూ చూడలేదు.

"నేనేం తప్పు చేశానో చూడండమ్మా," అన్నాడు. కోపం లేదు గొంతులో. అది ఉన్నా బాగుండేది. "మీరు చెప్పినట్టే చేశాను. ఆ మేతే పెట్టాను, మొన్నటి నుంచి అదీ ముట్టడం లేదు. ఇస్త్రీకి బట్ట మీద నీళ్లు చిలకరిస్తే చాలు, ఎక్కడున్నా వచ్చేసేది. బల్ల ఎక్కి ఆ తడి నాకేది. పాపం అని ఒకసారి గిన్నెలో నీళ్లు పోసి దాని ముందు పెట్టబోయాను. మీరన్నది గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాను."

ఒంటెక్క సంచిలో చెయ్యి పెట్టి దాని వీపు నిమిరింది.

యజమాని కౌంటరు దిగి వచ్చాడు, మొహాన అదే మెత్తని నవ్వు. సంచిలోకి చూసీ చూడనట్టు చూశాడు. "ఆకులేమైనా పెట్టారేమో, మందు కొట్టిన ఆకులు. చాలామంది చేసే పొరపాటే లెండి. అమ్మిన ప్రాణిని మేం వెనక్కి తీసుకోమండీ."

"వెనక్కి ఇవ్వడానికి రాలేదు," అన్నాడు టైలరు. "బతికించమని అడగడానికొచ్చాను."

షాపులో మాటలు తగ్గాయి. యజమాని గొంతు తగ్గించి, "ఏమ్మా, ఆయన్ని కాస్త బయటికి తీసుకెళ్లు, అందరూ చూస్తున్నారు" అన్నాడు ఒంటెక్కతో. బయటికి తీసుకెళ్లమన్నాడే కానీ ఎంత దూరమో చెప్పలేదు కదా అనుకుని, ఆవిడ ఆయన్ని వీధి చివరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ కుందేలుని బల్ల మీద పెట్టి, మెడ వెనక తోలు రెండు వేళ్లతో లేపి వదిలింది. తోలు వెంటనే జారలేదు. ముడతపడ్డ బట్టలా అలాగే నిలబడి, తీరిగ్గా దిగింది. బట్ట సంగతి బాగా తెలిసిన టైలరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. డాక్టరమ్మ దాని నోరు తెరిచి చిగుళ్లు తడిమింది, పొట్ట అటూ ఇటూ నొక్కి చూసింది.

"నీళ్లు తాగుతోందా?"

"నీళ్లు పెట్టకూడదన్నారండీ."

"ఎవరన్నారు?"

 టైలరు ఒంటెక్క వైపు చూడనైనా చూడలేదు. బల్ల మీది కుందేలు చెవిని వేలితో నిమురుతూ, "ఎవరో అన్నారండీ, గుర్తులేదు" అన్నాడు.

నేనే అన్నాను అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పరాయి మనిషి తన పరువు కాపాడుతుంటే నోరు మూసుకుని నిలబడడం ఎంత చిన్నతనమో ఒంటెక్కకి ఆ గదిలోనే తెలిసింది.

"ఆ మహానుభావులెవరో నాకొకసారి కనబడితే బాగుండు," అంది డాక్టరమ్మ సెలైన్ సిరంజిలోకి ఎక్కిస్తూ. "కుందేలు చూడ్డానికే ఇంత. దానికంటే ఎన్నో రెట్లుండే కుక్క ఎంత తాగుతుందో ఇదీ ఇంచుమించు అంత తాగుతుంది. రోజుకి ఒంటి బరువు కిలోకి ఒక టీ గ్లాసుడు వేసుకోండి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. పచ్చి ఆకులు బాగా తింటే కాస్త తగ్గించి తాగుతుంది, అంతేకానీ మానదు. ఇక పొడి మేత పెట్టి నీళ్లు పెట్టకపోతే, లోపల ఆ మేత కదలదు. గట్టిపడి కూర్చుంటుంది. కడుపు కదలకపోతే తినడం మానేస్తుంది. తినడం మానేసిన కుందేలు ఎక్కువ రోజులు ఆగదు."

"నీళ్లు తాగితే పొట్ట ఉబ్బి చస్తాయంటారు కదండీ," అంది ఒంటెక్క. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"శుభ్రమైన నీళ్లు తాగి చచ్చిన కుందేలుని నేనింతవరకు చూళ్లేదు. తాగక చచ్చేవి వస్తూనే ఉంటాయి. పాపం, అరవవు కదా. పిల్లి అయితే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇవి ఊరికే ఒక మూల కూర్చుంటాయి, మనం బుద్ధిమంతులనుకుంటాం."

తోలు కిందికి సెలైన్ ఎక్కించాక వీపు మీద చిన్న బుడగలా లేచింది. సూది లేని సిరంజి ఒకటి టైలరు చేతికిచ్చి, పెదవి పక్క నుంచి చుక్కచుక్కగా ఎలా పట్టాలో చూపించింది. బరువైన పింగాణీ గిన్నె కొనుక్కోమంది, తన్నినా ఒలకనిది. తర్వాత ఇద్దరినీ కూర్చోమని, ఎండన పడి వచ్చారని చెరో గ్లాసు మంచినీళ్లు ముందు పెట్టింది.

"నాకొద్దండీ," అంది ఒంటెక్క అలవాటుగా. "ఇంకా సాయంత్రం దాకా షాపులో ఉండాలి."

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "మీ షాపులో బాత్రూం లేదా?"

"ఉందండీ. తాళం ఉంటుంది."

 డాక్టరమ్మ గ్లాసుని బల్ల మీద నుంచి తీయలేదు. అందులో నీళ్లు అలాగే ఉండగా ఒంటెక్క లేచి వచ్చేసింది.

*

తిరిగొచ్చేసరికి కొత్తమ్మాయి మేత బస్తా మీద ముడుచుకు కూర్చుని ఉంది. ఒంటెక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది.

"ఎప్పటి నుంచే?"

"నిన్నటి నుంచక్కా. నువ్వు చెప్పినట్టే చేశాను. టీ మానేశాను. తాళంచెవి నిన్నంతా అడగలేదు తెలుసా, ఒక్కసారి కూడా." జ్వరంతో మెరుస్తున్న కళ్లతో, మెచ్చుకుంటావు కదూ అన్నట్టు చూసింది. "ఇవాళ మాత్రం వల్ల కావడం లేదు. పోసుకుంటే నెత్తురు కనిపించింది."

ఒంటెక్క ఆ పిల్ల పక్కనే కూలబడింది. ఒకే మాట రెండు చోట్ల చెప్పింది తను. ఒకటి ఆసుపత్రి బల్ల మీద పడుకుని ఉంది, ఇంకొకటి ఇక్కడ మేత బస్తా మీద.

యజమాని తలుపు దగ్గర నిలబడి, "ఓపిక లేకపోతే ఇంటికెళ్లమ్మా" అన్నాడు జాలిగా. "రేపు కూడా ఇలాగే ఉంటే ఇక రావొద్దులే. నీలాంటి సున్నితమైనవాళ్లకి పనికొచ్చే చోటు కాదిది. తప్పు నీది కాదు. ఇక్కడ ఒంటెక్క లాంటివాళ్లు కావాలి." ఆ పిల్ల ఏడుస్తూ సంచి సర్దుకుంది. పని పోతే ఇంట్లో ఏం చెప్పాలో అని దారి పొడుగునా ఏడ్చి ఉంటుంది.

ఒంటెక్క ఆ సాయంత్రం చేయగలిగింది ఒక్కటే చేసింది. రెండు స్టీలు గిన్నెల నిండా నీళ్లు పట్టి గాజుపెట్టెలో పెట్టింది. కుందేళ్లు మొదట వెనక్కి తగ్గాయి. ఒకటి ముందుకొచ్చి మీసాలు ముంచింది. అంతే, మిగిలినవన్నీ ఎగబడ్డాయి. ఒకదాని తల మీద ఇంకొకటి ఎక్కి, చెవులు కలగాపులగంగా, తలెత్తకుండా తాగాయి. ఇన్నేళ్లలో ఆ చప్పుడు ఆ పెట్టెలో నుంచి ఆవిడ వినలేదు. చిన్న చప్పుడు, ఆగకుండా. ఒక గిన్నె అడుగు కనిపించేసరికి, ఇంకా నీళ్లున్న రెండోదాన్ని ఒకటి తన్ని బోర్లించింది.

"ఇదేంటమ్మా ఇది?" యజమాని వెనకాలే ఉన్నాడు. "పొట్టంతా తడిసింది. రేపటికి వాసన. నీకు తెలియని పనా ఇది? తీసెయ్, తీసెయ్."

"డాక్టరమ్మ చెప్పిందండీ, వీటికి నీళ్లు..."

"డాక్టర్లకేం, చెబుతారు. షాపు నడిపేది మనం." చెయ్యి చాపాడు. "తీసెయ్యమ్మా."

ఒంటెక్క గిన్నెలు తీసేసింది. తడి పొట్టు తోడి కొత్తది పరిచింది. కుందేళ్లు గాజు మీద జారిన నీటి చారల్ని నాకడం మొదలుపెట్టాయి. అవి కనిపించకుండా ఆవిడ అటు వీపు పెట్టి నిలబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ షాపు వదిలిపోవాలనిపించింది. పోయి ఇంకో షాపులో చేరితే అక్కడ మాత్రం తాళం ఉండదా అనీ అనిపించింది.

*

మర్నాడు షాపుకి వెళ్లే దారి వదిలి టైలరు వీధి మీదుగా వెళ్లింది. మిషను చప్పుడు బయటికే వినిపిస్తోంది. ఆయన చొక్కా కాలరు తిప్పుతున్నాడు. ఆవిడని చూసి పాదం తీసేశాడు.

"పోయిందమ్మా," అన్నాడు. "చుక్కచుక్క పట్టాను. ముందు కాస్త మింగింది. తర్వాత అన్నీ పెదవి చివర నుంచే కారిపోయాయి."

ఒంటెక్క గడప దగ్గరే నిలబడిపోయింది. 

"నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు నేను చెప్పాల్సిందండీ. చెప్పలేకపోయాను. నీళ్లొద్దన్నది నేనే. నా వల్లే పోయింది."

"మీకు తెలిసుంటే చెప్పి ఉంటారా?" అన్నాడాయన. తెగిన దారం సూదిలో మళ్లీ ఎక్కించబోయి వదిలేశాడు. "కానీ నాకు లోపల తెలుస్తూనే ఉందమ్మా. కళ్ల ముందు అడుగుతోంది కదా. కనబడుతున్నదాన్ని వదిలి విన్నదాన్ని పట్టుకున్నాను. అదీ నా బాధ."

లేచి లోపలికెళ్లి పింగాణీ గిన్నె తెచ్చాడు. కొత్తది, అడుగున అంటించిన కాగితం ఇంకా ఊడలేదు. "ఇది నాకెందుకిప్పుడు? అక్కడున్నవాటికి పెట్టండి."

ఒంటెక్క దాన్ని రెండు చేతులతో అందుకుంది. నిజంగానే బరువుగా ఉంది.

షాపుకి వెళ్లేసరికి కొత్తమ్మాయి ముందే వచ్చి పక్షుల బోనుల దగ్గర నిలబడి ఉంది. జ్వరం తగ్గలేదు. రావొద్దంటారేమోనని ముందే వచ్చేసింది. బోను కడ్డీని పట్టుకున్న తీరు చూస్తే అది వదిలితే పడిపోయేలా ఉంది. యజమాని ఇంకా ఏమీ అనలేదు. ఆయన చూపు మాత్రం ఆ పిల్ల మీదే ఉంది.

 ఒంటెక్క పింగాణీ గిన్నె కడిగి, నిండా నీళ్లు పోసి గాజుపెట్టె మధ్యలో పెట్టింది. తర్వాత పక్షులకి నీళ్లు పట్టే పెద్ద సీసా నిండా మంచినీళ్లు పట్టుకొచ్చింది. కౌంటరుకి సరిగ్గా ఎదురుగా నిలబడి మూత తీసి తాగడం మొదలుపెట్టింది. మొదటి గుక్కకి గొంతు పట్టేసింది, దగ్గింది. మళ్లీ ఎత్తింది. తొట్టి తుడుస్తున్న చేపలాయన చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. సగం అయ్యాక ఒకసారి ఊపిరి పీల్చుకుని, మిగతాది కూడా పూర్తి చేసి, సీసా మళ్లీ నింపి కొత్తమ్మాయి చేతికిచ్చింది.

"తాగు."

"వద్దక్కా. మళ్లీ వెళ్లాల్సి..."

"తాగమన్నానా?"

ఒక తల్లీ కూతురూ కుందేలు కోసం వచ్చారు. వాళ్ల వెనకే చేపల మేత కోసం ఇద్దరు ముగ్గురు. కూతురు గాజుకి ముక్కు ఆనించి, "అమ్మా, అవి నీళ్లు తాగుతున్నాయి చూడు!" అంది.

"నీళ్లు ఎన్ని పెట్టాలండీ వీటికి?" తల్లి అడిగింది.

"రోజుకి ఒంటి బరువు కిలోకి టీ గ్లాసుడు, తక్కువలో తక్కువ," అంది ఒంటెక్క, షాపంతటికీ వినిపించేలా. "ఎండల్లో ఇంకా ఎక్కువ. అసలు కొలత పెట్టకండి, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి, వాటికి కావలసినంత అవే తాగుతాయి. నీళ్లొద్దని ఎవరు చెప్పినా వినకండి. మొన్నటి దాకా నేనే చెప్పేదాన్ని. నా మాట విని ఒకాయన కుందేలు చచ్చిపోయింది."

యజమాని కుర్చీలో ముందుకి జరిగాడు. నవ్వు ఉంది కానీ పెదవుల దాకానే. కొనేవాళ్ల ముందు ఏమంటాడు? ఇన్నాళ్లూ కొనేవాళ్లే ఆయనకి అండ. ఇవాళ వాళ్లే నోరు కట్టేశారు.

వాళ్లింకా ఏ కుందేలు కొనాలో తేల్చుకోకముందే ఒంటెక్కకి పొత్తికడుపు బిగుసుకుంది. ఇంకాస్త ఓర్చుకోగలదు, ఆ సంగతి ఒంటికి తెలుసు. ఓర్చుకోలేదు. జనం ఉండగానే కౌంటరు దగ్గరికి నడిచి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇవ్వండి."

యజమాని ఆవిడ భుజం మీదుగా పక్షుల బోనుల వైపు చూశాడు. "ఆ అమ్మాయికా?"

"కాదండీ. నాకు."

"నీకా!" నిజంగానే ఆశ్చర్యపోయాడు. చేపల మేత చేతిలో పట్టుకున్నవాళ్ల వైపు చూసి సరదాగా అన్నాడు, "మా ఒంటెక్కండీ ఈవిడ. ఏనాడూ అడిగి ఎరగదు."

"నేను ఒంటెని కాదండీ," అంది ఆవిడ.  "రోజూ ఇంటికెళ్లి గోడకి తల ఆనించుకుని ఏడుస్తాను. మంటకి. మీకు చెప్పలేదంతే. నన్ను చూపించి మీరు ఎవర్నీ ఏమీ అనకండి. నావల్ల కూడా కాదు."

చేపల మేత పట్టుకున్నావిడ ఒకసారి ఒంటెక్కని, ఒకసారి యజమానిని చూసి, "ఇవ్వండి మరి" అంది. యజమాని ఏదో అనబోయి నీళ్లు నమిలాడు. సొరుగు లాగి తాళంచెవి తీశాడు. ఈసారి వేలాడేసి పట్టుకోలేదు, బల్ల మీద పెట్టాడు.

ఒంటెక్క చాలాసేపటికి తిరిగొచ్చింది. వెనక నుంచి బస్తాలు ఈడ్చిన చప్పుడు అందరికీ వినిపించింది. చేతులకి అంటిన మేత దుమ్ము దులుపుకుంటూ గాజుపెట్టె దగ్గరికి వెళ్లబోతుంటే యజమాని ఆపాడు.

"తాళంచెవి ఏదమ్మా?"

"తలుపుకే ఉందండీ."

"మరి మేత?"

"బస్తాలు మెట్ల కింద సర్దేశాను, అక్కడైతే కాస్త తల తిప్పితే మీకు కూర్చున్న చోటు నుంచే కనిపిస్తాయి. ఇక రోజూ తాగుతాను కదండీ. గంటకోసారి మిమ్మల్ని అడుగుతుంటే ఏం బాగుంటుంది?"

యజమాని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆ తల్లి కౌంటరు మీదికి వంగి, అలాంటి బరువైన గిన్నె మీ దగ్గర దొరుకుతుందా అని అడిగింది. ఆయన ఆవిడకి జవాబు చెప్పే లోపల, కొత్తమ్మాయి చిలకల బోను తలుపు నెమ్మదిగా వేసి, కౌంటరు ముందు నుంచే, ఎవర్నీ ఏమీ అడక్కుండా వెనక్కి నడిచింది.